మామ కడుపు నింపడానికి గుట్ట ఎక్కిన రోజు

మా మామ ఇరవై ఎనిమిదేళ్ల పాటు సగం అన్నమే తిన్నాడు. లేక కాదు. చేవెళ్ల బజారులో ఆయనది కిరాణా దుకాణం. బియ్యం బస్తాలు అటక దాకా ఉండేవి, ఆ బస్తాల మధ్య తిరిగే ఎలుకలు పట్నం పహిల్వాన్ల లాగా ఉండేవి. చిక్కంతా ఇల్లు కట్టిన తీరులో ఉంది. ముందు గది దుకాణం, వెనక గది వంటిల్లు, మధ్యన ఒక తలుపు. ఆయన మోదుగాకు ఇస్తరి ముందు కూర్చుని, పప్పు కలుపుకుని, రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ తలుపు అవతల ఎవరో ఒకరు "సావుకారీ" అని పిలిచేవాళ్లు. ఆయన లేచేవాడు.

లేచాడంటే ఆ పూటకు భోజనం అయిపోయినట్టే. ఇస్తరి ముందు నుంచి ఒకసారి లేచిన మనిషి మళ్లీ ఆ ఇస్తరి ముందు కూర్చోకూడదని ఆ ఇంటి ఆచారం. ముత్తాతల నుంచి వస్తున్నదట. ఆ ముత్తాతలకు మధ్యాహ్నం పూట గిరాకీ ఉండేది కాదేమో అని నా అనుమానం. కానీ నేను మొయినాబాదు నుంచి కోడలిగా వచ్చి అప్పటికి ఆరు నెలలే. అనుమానాలన్నీ కొంగుకు ముడివేసుకుని తిరిగేదాన్ని.

రాత్రికి ఆయన పాలు, అటుకులతో సరిపెట్టుకునేవాడు. అంటే పెద్ద తిండి అన్నది మధ్యాహ్నం ఒక్కసారే, అది కూడా రెండు ముద్దలు. అందుకని ఆయన ఎలా ఉండేవాడంటే, ఎండలో నిలబడితే నీడ పడాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేది. ధోవతి ఆయన కట్టుకున్నట్టు కాక, దండెం మీద ఆరేసినట్టు ఉండేది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ ఏడు భాద్రపదంలో ఆయన బెల్లం కొట్టి తూకం వేస్తూ కళ్లు తిరిగి బెల్లం దిమ్మ మీదే పడ్డాడు. వైద్యుడు వచ్చి నాడి పట్టుకుని, నాలుక చూసి, చివరికి మా అత్తకేసి తిరిగి, "రోగం లేదమ్మా, లోపల అన్నం లేదు. ఇంకో ఏడాది గిట్లనే నడిస్తే మాత్రం నన్ను పిలవకుండ్రి" అన్నాడు.

ఆ మాట మా అత్తకు ముల్లులా దిగింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆమె నడుస్తుంటే గచ్చు పక్కకు తప్పుకుంటుందేమో అనిపించేది. మధ్యాహ్నం ఒక్క గంట దుకాణం మూయమని ఆమె బతిమాలింది, అలిగింది, ఒక పూట పొయ్యి వెలిగించలేదు. మామ ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "మన గడప కాడికి వచ్చిన మనిషిని ఆగుమని ఎట్లంటనే?"

కార్తీకం వచ్చింది. కార్తీకంలో చెట్లకు పోవడం, అంటే ఇల్లంతా కదిలి ఊరి బయట వండుకు తినడం, మా వైపు ఉన్నదే. ఆ ఇంట్లో మాత్రం అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎవరూ పోలేదు. అత్త ఈసారి చెట్లు కూడా చాలవనుకుంది. ముడిమ్యాల దిక్కున, ఊరికి రెండు మైళ్ల దూరంలో ఒక గుట్ట ఉంది. వేలు పెట్టి దాన్ని చూపించింది.

"గా గుట్ట మీద ఇస్తరేస్త. అక్కడికి సావుకారీ అనుకుంట ఎవడొస్తడో నేను చూస్త. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఆయన మజ్జిగ దాంక తినంగ ఈ కండ్లతోటి చూడాలె."

దుకాణం మూయించడానికి షాబాద్ నుంచి మామ అక్కను పిలిపించింది. భూమి మీద మామ భయపడేది ఆమె ఒక్కరికే. నేను పెద్దత్త అనేదాన్ని. డెబ్బై ఏళ్ల మనిషి, నోట్లో పళ్లు నాలుగే, ఆ నాలుగూ మాటలు నూరడానికే ఉన్నట్టుండేవి. బండి దిగి, కాళ్లయినా కడుక్కోకుండా దుకాణం అరుగు మీద కూర్చుంది.

"తమ్మీ, రేపు దుకాణం నువ్వు మూస్తవా, నేను మూయాల్నా?"

"అక్కా, సోమారం. మందికి నూనె కావాలె, దీపాలు పెట్టుకుంటరు."

"నేను మూసిననుకో, మల్ల తెరిచేటాలకు నీ మనుమలు దుకాణం గద్దె మీద కూసుంటరు."

మామ ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే వచ్చినవాళ్లందరికీ రేపు దుకాణం ఉండదని చెప్పాడు. ఏదో చావు కబురు చెబుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు. విన్నవాళ్లు కూడా తల మీది రుమాలు తీసి, అయ్యో అని వెళ్లారు.

వంట సామాను సర్దే పని నాకు అప్పగించారు. నా శక్తి చూపించుకునే సమయం వచ్చిందని నేను వంటింటి మీద పడ్డాను. బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు గింజలు, నెయ్యి, నువ్వుల నూనె, లేత వంకాయలు, పెరుగు కుండ, బెల్లం, గంటెలు, గిన్నెలు, పీటలు, మోదుగ ఇస్తర్లు. పీట విరిగితే ఇంకో పీట, ఆ పీటా విరిగితే ఇంకోటి. వంటింట్లో గోడలు, పొయ్యి మాత్రం వదిలిపెట్టాను. సామానంతా ఎక్కించాక బండి ఒకసారి మూలిగింది. ఎద్దులు రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

పొద్దు పొడవగానే బయలుదేరాం. మామ వెనక తలుపులకు లోపలి నుంచి గడియలు పెట్టి, దుకాణం గుండా బయటికి వచ్చి, ముందరి చెక్క పలకలన్నీ బిగించి, తాళం వేశాడు. లాగి చూశాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ లాగాడు. మూడోసారి వెనక్కి తిరగబోతుంటే పెద్దత్త బండిలోంచి, "తాళం ఊడి చేతికొస్తది, ఇగ రా" అన్నది. ఆయన తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, దాని మీద చెయ్యి పెట్టుకుని బండెక్కాడు. దారి పొడుగునా ఆ చెయ్యి తీయలేదు.

గుట్ట ఎత్తు ఎంతని నన్ను అడగకండి. కొలిచినవాళ్లు చిన్నదే అంటారు. పదహారేళ్ల వయసులో, నెత్తి మీద పెరుగు కుండతో, అత్త వెనక, మొగుడి ముందు ఎక్కిన నాకు మాత్రం అది ఆకాశానికి ఆనుకునే ఉంది. పైన చదునుగా ఓ బండ, దాని పక్కన నాలుగు ఉసిరి చెట్లు. తూర్పు దిక్కున ఎక్కడో దూరంగా గండిపేట నీళ్లు పళ్లెంలా మెరిశాయి. ఆ వెనక పొగ లాంటి గీతను చూపించి, అది పట్నమని మా ఆయన అన్నాడు. చార్మినారు కూడా కనబడుతున్నదన్నాడు. దాని కింద గాజులమ్మే దుకాణాలు కూడా కనబడుతున్నాయా అని మెల్లగా అడిగాను. ఆయన కట్టెలు ఏరడానికి వెళ్లిపోయాడు.

మూడు రాళ్ల పొయ్యిలు మూడు పెట్టాం. అన్నం ఉడికింది, పప్పు పొంగింది, వంకాయ కూర మగ్గింది. అత్త పప్పులో గంటె తిప్పుతూ, నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది.

"ఉప్పు."

నేను గంపలో చూశాను. సంచిలో చూశాను. మూడు పీటల కిందా చూశాను. పెరుగు కుండలో కూడా చూశాను.

"ఏందే, ఉప్పు అడుగుతున్న."

"వంటింట్ల ఉన్నయన్నీ తెచ్చిన అత్తా" అన్నాను. గొంతు నాది కాదు, ఉడతది. "ఉప్పు వంటింట్ల లేకుండె."

అది నిజం. మా పుట్టింటివాళ్లది మొయినాబాదులో బట్టల దుకాణం. అక్కడ ఉప్పు జాడీలో, పొయ్యి పక్కన ఉండేది. ఇక్కడ ఉప్పు బస్తా దుకాణంలో, మధ్య తలుపు గుమ్మం పక్కనే మూతి తెరిచి నిలబడి ఉంటుంది. వంట మధ్యలో తలుపు సందులోంచి చిప్ప చాపి ముంచుకోవడమే అలవాటు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ వంటింట్లోకి ఉప్పు జాడీ అన్నది రాలేదు. వీధికంతా ఉప్పు అమ్మే ఇల్లు కనుక, ఉప్పు లేకపోవడం అనే సంగతి అత్తకు ఊహలో కూడా లేదు. సర్దే తొందరలో కంటికి జాడీ కనబడక, ఉప్పు సంగతే నాకూ తట్టలేదు.

పెద్దత్త నవ్వడం మొదలుపెట్టింది. "బట్టలోళ్ల పిల్లను తెస్తే గిట్లనే ఉంటది. చీర జర పప్పుల ముంచు, రుచొస్తదేమో."

"ముడిమ్యాల కిందనే ఉన్నది, పోయి పిడికెడు అడుక్కొస్త" అన్నాడు బండి మనిషి.

మామ అదిరిపడ్డాడు. "వద్దు. ఆ ఊరోళ్లకు ఉప్పు అమ్మేటిది నేను. వాళ్ల కాడ చెయ్యి చాపితే రేపు గద్దె మీద ఎట్ల కూసోవాలె?" అని అప్పుడే లేచి నిలబడ్డాడు. ముఖంలో వెలుగు. పొద్దుటి నుంచి ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు. "నేను పోయి తెస్త. గిట్ల పోయి గిట్లొస్త."

ఆయన పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పలక ఒక్కటి తీస్తే చాలు, ఒక మనిషి వస్తాడు. అతని వెనక ఇంకొకరు. ఇక ఆయన గద్దె దిగేది దీపాలు పెట్టాకే.

"నేను పోత బాపూ" అన్నాడు మా ఆయన.

"నువ్వొద్దు" అన్నది అత్త. "మొన్న అగ్గిపెట్టె తెమ్మంటే దుకాణంలకు పోయి, పొద్దుగూకినంక వచ్చినవు. నువ్వు ఆయన కడుపుల పుట్టినోడివే." మామ ముందు చెయ్యి చాపింది. "తాళంచెవి."

"నువ్వా?"

"పలక తీసి, ఉప్పు తీసుకుని, పలక పెడ్త. దానికి చదువులు కావాల్నా?"

"ఆడోళ్లు దుకాణంల…"

"ఇయ్యుండ్రి."

మొలతాడు ముడి విప్పడానికి మామకు చాలాసేపు పట్టింది. అత్త తాళంచెవి గుప్పిట్లో బిగించి, నన్ను చూసి, "మర్చిపోయింది నువ్వే, నడువు" అన్నది.

గుట్ట దిగడం ఎక్కడం కంటే వేగంగా జరిగింది. నేను నడిచానో దొర్లానో సరిగా గుర్తు లేదు. బండి మనిషి ఎద్దుల్ని తోలాడు, ఎద్దులు బరువు తగ్గిన సంతోషంలో పరుగెత్తాయి. మిట్టమధ్యాహ్నానికి బజారులో ఉన్నాం. తాళం తీసి అత్త ఒకే ఒక్క పలక పక్కకు జరిపింది, పిల్లి దూరేంత. తను లోపలికి పోయి ఉప్పు మూట కట్టి బయటికి రాబోతున్నది. అరుగు మీద ఒక ముసలాయన.

"సావుకారమ్మా, పావుసేరు నూనె."

"ఇయ్యాల దుకాణం లేదు."

ఆమె ఆగింది. తల మీది కొంగు సర్దుకుని ఆయన్ని కింది నుంచి పైకి చూసింది. "మల్లొకపారి మాట్లాడు."

"నూనె అంటున్న తల్లీ, పావుసేరు."

"నువ్వేనా?" అన్నది అత్త. "రోజూ ఆయన రెండో ముద్ద నోట్ల పెట్టుకునేటాలకు వచ్చేటోనివి నువ్వేనా? నీ గొంతు నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేండ్ల సంది తెలుసు. మొఖం ఇయ్యాల చూస్తున్న."

అంతలో ఒక నడివయసు ఆమె వచ్చింది, చంకలో గంప. ఆమె నోరు తెరిచి మాట పూర్తి చేసేలోపే అత్త, "నువ్వు శుక్రారాలు వస్తవు. పసుపు ఛటాకు. వంకాయ కూర వడ్డిస్తుంటే వస్తవు" అన్నది. తర్వాత వచ్చినాయనను, "నీది దగ్గు. ముందు దగ్గుతవు, తర్వాత పొగాకు అడుగుతవు" అన్నది. ఆయన నిజంగానే దగ్గాడు. అరుగు మీద నలుగురయ్యారు, ఎనిమిది మందయ్యారు. చేవెళ్ల అంతా వచ్చిందని నేను చాలాచోట్ల చెప్పాను. అందులో కొంచెమే అబద్ధం. గోడ అవతల నుంచి విన్న గొంతుల్నిబట్టి అత్త ఒక్కొక్కరికీ వాళ్లు ఏ రోజు ఏ ముద్ద చెడగొట్టారో చెబుతుంటే, వాళ్లు పంచాయితీలో నిలబడ్డట్టు తలలు వంచుకున్నారు.

చివరికి నూనె ముసలాయనే మెల్లగా అన్నాడు. "తల్లీ, తప్పే. కానీ మేం ఇంకెప్పుడు రావాలె? పొద్దుగాల చేన్లకు పోతం. ఎడ్లను ఇడిసి నీళ్లు తాపేది గిప్పుడే. గీ గడియనే మాకు దొరుకుతది. మల్ల పొద్దు మునిగేదాంక చేన్లనే ఉంటం."

ఆ గొంతులు రోజూ ఆ వేళకే ఎందుకు వస్తాయో అత్తకు అప్పటిదాకా తెలియదు. వాళ్లు కావాలనే వస్తారని, మామ ఇస్తరి వాసన చూసి వస్తారని ఆమె నమ్మకం.

చంకలో గంప పెట్టుకున్నామె అత్త కొంగు పట్టుకున్నంత పని చేసింది. "నాకు పసుపొద్దమ్మా ఇయ్యాల. బిడ్డ నీళ్లాడింది పొద్దుగాల, మనుమడు పుట్టిండు. జర సొంటి, పాత బెల్లం. ఒక్క పలక తీసినవు గదా."

అత్త ఉప్పు మూట నా చేతిలో పెట్టింది. రెండో పలక తీసింది. మూడోది నన్ను తీయమంది. గద్దె మీద మామ దిండు పక్కకు తోసి, తరాజు ఎత్తింది. ధరలు ఎవర్నీ అడగలేదు. గోడ వెనక ఇన్నేళ్లు విన్నదంతా ఆమె నాలుక మీద ఉంది. సొంటి తూచింది, పొగాకు కట్టింది, నూనె కొలిచి చివర ఒక చుక్క ఎక్కువ వేసింది. ముసలాయన ఆ చుక్కను చూసి, "సావుకారి గీ చుక్క ఎప్పుడు ఎయ్యలే" అన్నాడు.

"తిననోని చేతిల బలం ఎక్కడిది" అన్నది అత్త.

అందరూ వెళ్లాక ఆమె పలకలు పెట్టింది. తాళం ఒక్కసారే లాగింది.

మేం గుట్ట ఎక్కేసరికి పొద్దు బాగా వాలింది. మామ అంచున నిలబడి ఊరి దిక్కు చూస్తున్నాడు. మూడుసార్లు దిగబోతే పెద్దత్త మూడుసార్లూ ధోవతి పట్టుకుని ఆపిందట. "నాలుగోపారి పట్టుకుంటే ధోవతి నా చేతిల ఉంటుండె, తమ్ముడు చేవెళ్లల ఉంటుండె" అన్నది. ఎవరూ తినలేదు. ఉప్పు పడింది, పప్పు మళ్లీ వేడెక్కింది, ఇస్తర్లు పరిచాం. చెట్ల కింద ఆడా మగా ఒకే వరుస. అత్త మాత్రం కూర్చోకుండా మామ ఎదురుగా గంటె పట్టుకుని నిలబడింది.

మామ పప్పు కలిపాడు. మొదటి ముద్ద. రెండో ముద్ద. ఎవరూ పిలవలేదు. అయినా ఆయన ఎడమ చెయ్యి నేలకు ఆనింది, మోకాలు లేచింది, తల పక్కకు తిరిగింది.

"ఎవ్వరు రాలే" అన్నది అత్త. "కూసోండ్రి."

మామ మోకాలు గాలిలోనే ఉండిపోయింది. ఆచారం సంగతి గుర్తొచ్చి అందరం పెద్దత్త మొహం చూశాం. ఆమె ముందుకు వంగి, తమ్ముడు కూర్చున్న పీటను జడ్జీ లాగా పరీక్షించింది.

"పిర్ర పీట మీదనే ఉన్నది. నేను చూసిన. లేసినట్టు కాదు. తిను."

మామ తిన్నాడు. వంకాయ కూర తిన్నాడు, మళ్లీ అడిగి తిన్నాడు. మధ్యలో, "ఎవరెవరు వచ్చిండ్రు?" అన్నాడు. అత్త గొంతులతో సహా చెప్పింది. బిడ్డ నీళ్లాడిన కబురు విని, "సొంటి పాతది ఇచ్చినవా, కొత్తదా?" అన్నాడు. "పాతదే" అన్నది. ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడు నేను పచ్చిపులుసు పోశాను. ఆయన జుర్రి, ఆగి, ఇస్తరికేసి ఆశ్చర్యంగా చూశాడు.

"ఇది మంచిగున్నది. మనింట్ల ఎప్పుడన్న చెయ్యరాదా?"

ఆ ఇంట్లో పచ్చిపులుసు చేయని రోజు లేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన అక్కడి దాకా రాలేదు, అంతే. పెద్దత్త నవ్వలేదు. మా ఆయన తల వంచుకున్నాడు. అత్త గంటె కింద పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుని, నెమ్మదిగా మజ్జిగ పోసింది. మామ ఆ మజ్జిగ చివరి చుక్క దాకా తాగి, ఏం చేయాలో తెలియనట్టు ఇస్తరి ముందు అలాగే కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. పప్పు కలిపాడు. రెండో ముద్ద ఎత్తాడు. తలుపు అవతల ముసలాయన గొంతు, "సావుకారీ."

మామ చెయ్యి నేలకు ఆనేలోపే అత్త చేతులు తుడుచుకుని తలుపు తీసింది. "కూసోండ్రి. నేనున్న" అని దుకాణంలోకి వెళ్లింది. తరాజు గొలుసు చప్పుడు వినబడింది. తర్వాత దగ్గు వినబడింది, పొగాకు అడగడం వినబడింది. మామ కాసేపు చెవులు రిక్కించి, తూకం సరిగానే ఉన్నదని నమ్మకం కుదిరాక, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"కోడలా," అని తలుపు అవతల నుంచి అత్త కేకేసింది, "ఆయనకు పచ్చిపులుసు పొయ్యి. నాకింకా నలుగురున్నరు."